నడిచే ఊరికి నడక దారి ఏది?

అలిపిరి పాదాల మండపం దగ్గర మొదలై తిరుమల చేరే కాలిబాట దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మెట్లు 3,550. తలయేరు గుండు దాటి గాలిగోపురం దాకా ఊపిరాడని ఎక్కుడు. ఆపై అడవి మధ్యన చాలా దూరం చదునైన నడక. తర్వాత అవ్వాచారి కోన, మోకాళ్ల పర్వతం, కొండ. 2021 అక్టోబరులో పైకప్పును కొత్తగా కట్టి ఈ దారిని తిరిగి తెరిచారు. ఎండైనా వానైనా నడక ఆగదు. దారి పొడవునా తాగునీళ్లు, మరుగుదొడ్లు, కూర్చునేందుకు అరుగులు, రాత్రిపూట దీపాలు, కాపలా ఉన్నాయి. మోకాళ్ల పర్వతానికి ముందు ఘాట్‌రోడ్డు పక్కన నడిచే కొద్ది దూరం తప్పిస్తే బండ్ల గొడవే లేదు. అందుకే డెబ్బై ఏళ్ల అవ్వలూ చంటిబిడ్డల తల్లులూ ఆ కొండ ఎక్కగలుగుతున్నారు. వాళ్ల భక్తి గొప్పదే. ఆ భక్తికి తోడుగా ఒక మంచి దారి కూడా ఉందన్నది మనం అంతగా పట్టించుకోని సంగతి.

మనిషి హాయిగా నడవడానికి ఏమేం కావాలో తిరుపతి సంస్థలకు బాగా తెలుసునని ఆ దారే చెబుతోంది. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, కాసేపు కూర్చునే చోటు, వెలుతురు, మధ్యలో తెగని బాట. కొండ దిగి అలిపిరి నుంచి కపిలతీర్థం మీదుగా లీలామహల్ సర్కిల్, ఆర్టీసీ బస్టాండు దాకా నడిచి చూస్తే వీటిలో ఏ రెండూ ఒకచోట దొరకవు. కాలువ మీద పరిచిన బండలే ఫుట్‌పాత్. అవి ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం, ఇంకోచోట అసలే ఉండవు. ఉన్నచోట బైకులు నిలిపి ఉంటాయి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ గద్దె అడ్డం వస్తుంది. తోపుడుబండ్ల వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు వేరే చోటు చూపించకుండా దారినంతా సన్నగా కట్టినవాళ్లదే ఆ పొరపాటు.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. తిరుపతికీ చిత్తూరుకూ ఇప్పుడు ఇంకో అలంకారపు పార్కు అవసరం పెద్దగా లేదు. ఇంటి గడప నుంచి చెరువు కట్ట దాకా, కట్ట నుంచి ఏటి ఒడ్డు దాకా తెగకుండా సాగే మామూలు నడక దారి కావాలి. ఎవరైనా ఏ వేళలోనైనా, టికెట్టు లేకుండా, ఆయాసం లేకుండా నడిచే దారి. దానికి కావాల్సిన నేల ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది, చాలావరకు పోరంబోకుగా. ఇంకో పదేళ్లకు ఉంటుందన్న భరోసా మాత్రం లేదు.

ఇప్పుడున్నవేమిటో ముందు చూద్దాం. తిరుపతిలో పొద్దున్నే నడిచేవాళ్లకు పెద్ద దిక్కు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణ. 1954లో మొదలైన ఎస్వీయూ శేషాచలం పాదాన ఉంది. పెద్ద చెట్లు, విశాలమైన లోపలి రోడ్లు, కొండ మీంచి దిగే చల్లగాలి. తెల్లవారుజామున అక్కడ కనిపించే జనాన్ని చూస్తే ఈ ఊరికి నడక మీద ఎంత ఇష్టమో తెలుస్తుంది. ఊరి నడుమ ప్రకాశం పార్కు ఉంది. స్మార్ట్ సిటీ నిధులతో బాగుచేసిన వినాయక సాగర్ ఉంది. అటవీశాఖ తీర్చిన నగరవనం ఉంది. ఇవన్నీ మంచివే, కష్టపడి చేసినవే. వాటి గేట్ల బయట పొద్దున ఆరింటికి వరుసగా నిలిపి ఉన్న స్కూటర్లను, కార్లను కూడా ఒకసారి చూడాలి. నడవడం కోసం బండెక్కి రావాల్సి వస్తోంది. బండి లేనివాళ్లు, బండి నడపలేని పెద్దవాళ్లు, పిల్లలను స్కూలుకు పంపి గంటసేపు తీరిక చేసుకునే ఆడవాళ్లు అక్కడికి చేరలేరు. జీవకోనలోనో కొర్లగుంటలోనో ఉండే ఆమెకు వినాయక సాగర్ ఎంత అందంగా ఉన్నా, అక్కడికి పోయి రావడానికే ఆటోకు డబ్బులు కావాలి.

ఎస్వీయూ సంగతిలో ఇంకో మెలిక ఉంది. ఆవరణ అడవికి ఆనుకుని ఉంది. చిరుత కనిపించిందన్న వార్త వచ్చినప్పుడల్లా నడిచేవాళ్లు మానుకోవాల్సి వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత బలి తీసుకున్నాక, పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు తర్వాత ఆ దారిలోకి పంపకూడదని టీటీడీ నిబంధన పెట్టింది. అది సరైన నిర్ణయం. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అక్కడ మొదటి హక్కు అడవిది. ఊరి జనం రోజూ నడవాలంటే అడవి అంచుల మీదే ఆధారపడకుండా, ఊరికి దక్షిణాన ఉన్న ఏటి వైపు చూడాల్సిన కారణాల్లో ఇది ముఖ్యమైనది.

పార్కు అంటే గోడ, గేటు, టైమింగ్స్ అన్న అలవాటు మీద కూడా ఒక మాట చెప్పాలి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లను బైరాగిపట్టెడలోని పద్మావతి పార్కులో ఉంచారు. గేటు తీసిన క్షణంలో జరిగిన తొక్కిసలాట, ఆ రాత్రి ఆరుగురు భక్తుల ప్రాణాలు పోవడం ఈ ఊరు మరిచిపోలేనివి. ఆ దుర్ఘటనకు కారణాలు చాలా ఉన్నాయి, వాటి మీద విచారణ జరిగింది. మన సంగతికి సంబంధించినంత వరకు అది చెప్పేది ఇది: చుట్టూ గోడ, రాకపోకలకు ఇరుకు గేటు ఉన్న ఖాళీస్థలం ఆపదలో బోనవుతుంది. పండగపూట లక్షల జనం వచ్చే ఊళ్లో ఖాళీస్థలాలు ఒకదానికొకటి దారులతో కలిసి ఉండాలి. అడుగు తీసి ఎటు వేసినా ఇంకో వీధి, ఇంకో బాట దొరకాలి.

రోడ్డు మీద నడక ఎంత ప్రమాదమో లెక్కలు చెబుతున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల సౌకర్యాలకు మార్గదర్శకాలు సవరించింది. ఫుట్‌పాత్ మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంది. రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదంది. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవాలన్నా, చక్రాల కుర్చీ పోవాలన్నా అది అవసరం. 2025 మేలో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కాలిబాటల మీద నియమావళి తయారు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి ఇది కమిషనర్ల దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు.

తిరుపతిలో ఇటీవలి పెద్ద నిర్మాణం శ్రీనివాస సేతు. కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు రోడ్డు దాకా సుమారు ఏడు కిలోమీటర్ల ఎలివేటెడ్ రోడ్డు, 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. కొండకు పోయే బస్సులు, కార్లు పైనుంచి వెళ్లిపోతున్నాయి. దానివల్ల కింద రోడ్డు మీద కొంత జాగా మిగిలింది. ఆ జాగా ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం వసతి సముదాయాలు ఉన్నాయి. సంచులు మోసుకుని, పిల్లల చేతులు పట్టుకుని వేలమంది అటూ ఇటూ దాటే చోట్లు అవి. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో, పైన వంతెన వల్ల కింద నీడ ఉంది. పొగ, హారన్ల మధ్య అక్కడ వాహ్యాళికి ఎవరూ పోరు, నిజమే. అయినా మిగిలిన జాగాలో రెండు వైపులా సరైన ఫుట్‌పాత్ వేసి, కూడళ్లలో నడిచేవాళ్లకు సిగ్నల్ పెడితే యాత్రికులకూ ఊరివాళ్లకూ రోజువారీ కష్టం తీరుతుంది.

తిరుపతికి తనదైన నడక దారి ఒకటి ఇప్పటికే ఉంది, ఏడాదికి ఒక్కరోజు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాల చివర పంచమి తీర్థం నాడు తిరుమల శ్రీవారి దగ్గర నుంచి అమ్మవారికి సారె వస్తుంది. అలిపిరిలో దిగి, కోమలమ్మ సత్రం, కోదండరామస్వామి ఆలయం, గోవిందరాజస్వామి ఆలయం మీదుగా తిరుచానూరు పసుపు మండపానికి చేరుతుంది. కొండ అడుగు నుంచి పాత ఊరి గుండా ఏటి వైపు సాగే ఆ గీతను మించిన నగర ప్రణాళికా రేఖను ఏ కన్సల్టెంటూ గీయలేడు. ఆ వీధుల్లో ఇళ్లున్నాయి, బడులున్నాయి, గుళ్లున్నాయి, బజారుంది. ఒకరోజు సారె కోసం శుభ్రం చేసే ఆ దారిని తక్కిన రోజుల్లోనూ నడిచేవాళ్లదిగా ఉంచలేమా? పాత ఊరిలో కొన్ని వీధుల్లో ఉదయం, సాయంత్రం కొన్ని గంటలపాటు కార్లను ఆపవచ్చు. కపిలతీర్థం, అలిపిరి మధ్య యాత్రికులు ఎలాగూ ఉత్త కాళ్లతో నడుస్తున్నారు. అక్కడ రెండు పక్కలా కానుగ చెట్లు పెంచి, కాళ్లు కాలని రాయి పరిస్తే పని మొదలైనట్టే.

ఆ గీత తిరుచానూరు దగ్గర ఆగిపోకుండా ఇంకొంచెం దక్షిణానికి పోతే స్వర్ణముఖి.

పాకాల, చంద్రగిరి కొండల వైపు పుట్టి, 130 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలిసే చిన్న ఏరు అది. తొండవాడ దగ్గర భీమా, కల్యాణి వచ్చి కలుస్తాయి. ఆ కూడలిలోనే అగస్త్యేశ్వరాలయం ఉంది. దిగువన యోగిమల్లవరంలో పరాశరేశ్వరాలయం, ఇంకా దిగువకు పోతే గుడిమల్లం, ఆపై శ్రీకాళహస్తి. శ్రీకాళహస్తి దగ్గర ఏరు ఉత్తరానికి తిరిగి గుడిని ఆనుకుని పారుతుంది. గుడిమల్లంలోని క్రీస్తుకు పూర్వపు లింగం దగ్గర నుంచి చోళుల శాసనాల దాకా, రెండు వేల ఏళ్ల చరిత్రను ఒక ఏటి ఒడ్డున నడుస్తూ చూడగలిగే చోట్లు మన దేశంలో తక్కువే ఉన్నాయి. ఇప్పుడు ఆ గుళ్లన్నిటికీ మనం రోడ్డు మీదుగా, కారులో, ఏటికి వీపు పెట్టి పోతున్నాం.

ఏటి పరిస్థితి అందరికీ తెలుసు. 1977లో కల్యాణి డ్యామ్ కట్టారు. అది తిరుపతి, తిరుమలల దాహం తీర్చింది. ఎగువన బోర్లు పెరిగాయి, ఊటకాలువలు ఎండాయి, వానాకాలం తప్ప ఏటిలో పారకం లేదు. ఊళ్లో లేచిన అపార్ట్‌మెంట్లకు ఇసుక ఈ ఏటినుంచే పోయింది. గుంతలు పడినచోట సర్కారు తుమ్మ కమ్ముకుంది. శుద్ధి కాని మురుగు వంకల గుండా వచ్చి కలుస్తుంది. పట్టించుకునే కళ్లు లేనందువల్లే ఒడ్డు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

తర్వాత 2021 నవంబరు వచ్చింది. 18, 19 తేదీల్లో కురిసిన వానకు కపిలతీర్థం జలపాతం వరదైంది. ఎమ్మార్‌పల్లి, లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్, కొర్లగుంట నీట మునిగాయి. తిరుమలకు పోయే ఇంకో కాలిబాట, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే దాకా మూతపడింది. రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. తిరుచానూరు వైపు ఒడ్డునున్న ఇల్లు నిలువునా స్వర్ణముఖిలోకి ఒరిగిపోయిన దృశ్యం దేశమంతా చూసింది. ఏరు ఎక్కడిదాకా తనదో ఆ రెండు రోజుల్లో గీత గీసి చూపించింది. ఆ గీతను ఊరు గుర్తుంచుకోవాలంటే నేల మీద ఒక ఆనవాలు కావాలి. రోజూ జనం నడిచే దారిని మించిన ఆనవాలు ఉండదు.

నడక దారిని సరదా ఏర్పాటుగా చూసే అలవాటు మనకు ఉంది. ఈ సీమలో అది మొదటినుంచీ నీటి కాపలాలో భాగం. చెరువుల నాడు నీరుగంటి రోజూ కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. తూము దగ్గర కారుతోందా, ఎలుక బొరియలు పడ్డాయా, మొరవ ఎంత పోతోంది, వరవ కాలువకు ఎవరైనా అడ్డం కట్టారా అని చూసేవాడు. ఆ నడక ఆగిపోయాక చెరువుకు ఏమైందో చిత్తూరు జిల్లాలో ఏ పల్లెనడిగినా చెబుతారు. నీరుగంటి వ్యవస్థను మళ్లీ తేలేం. రోజూ పొద్దున రెండొందల మంది కట్ట మీద నడిస్తే ఆ రెండొందల జతల కళ్లు అదే పని చేస్తాయి. రాత్రి ట్రాక్టర్ మట్టి తోలిందా, కొత్తగా కంచె లేచిందా, చెత్త పోశారా అన్నది మరుసటి ఉదయానికల్లా ఊరికి తెలుస్తుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టాలని చూసినప్పుడు ముందు గొంతెత్తింది అక్కడ రోజూ నడిచేవాళ్లే.

స్వర్ణముఖి ఒడ్డున దారి ఎలా ఉండాలి? ఇక్కడే జాగ్రత్త పడాలి. ఏటి అభివృద్ధి అనగానే అధికారుల బల్ల మీదికి వచ్చే బొమ్మ అహ్మదాబాద్ సబర్మతి రివర్‌ఫ్రంట్. 2012లో జనానికి తెరిచిన ఆ విహారపథం రెండు ఒడ్లా కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. అక్కడ నడవడం సుఖంగానే ఉంటుంది. దానికోసం నదిని కాంక్రీటు గోడల మధ్య ఇరికించారు, నర్మదా కాలువ నీళ్లు తెచ్చి నింపారు, ఒడ్డున బతుకుతున్న వేల కుటుంబాలను లేపి పంపారు. స్వర్ణముఖికి తెచ్చి పోయడానికి మనకు నర్మద లేదు. నవంబరు వరదలో ఇరుకు గోడల మధ్య నీళ్లు ఇంకా పైకి లేస్తాయి, ఇంకా వేగంగా పరుగెత్తుతాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్ 2005లో ఇంకో దారి చూపించింది. ఊరి నడుమ వాగును కప్పేసి పైన కట్టిన ఎలివేటెడ్ హైవేను కూల్చి, చంగ్యెచన్ వాగును ఆరు కిలోమీటర్ల మేర తిరిగి బయటికి తీసింది. అది కూడా ఖర్చుతో కూడినదే, నీళ్లు పంపులతో ఎత్తిపోయాల్సినదే. మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ బెంగళూరు మెజెస్టిక్ దగ్గర మొదలయ్యే కె-100 రాజకాలువె. మురుగు కంపు కొట్టే కాలువలోంచి మురుగును వేరుచేసి, పక్కన నడిచే బాట వేశారు. ముందు మురుగు, తర్వాత బాట అన్న ఆ వరుస నేర్చుకోదగ్గది. తూకివాకం దగ్గరి శుద్ధి కేంద్రం దాకా ఊరి మురుగంతా చేరేలా చూడకుండా ఒడ్డున బెంచీలు వేస్తే ఎవరూ కూర్చోరు.

మనకు కావాల్సింది పోల్చి చూస్తే చాలా చిన్నది. వరద గీతకు పైన, కట్ట మీద గట్టిపరిచిన మట్టి దారి, మూడు మీటర్ల వెడల్పు. గీతకు కింద ఏ కట్టడమూ వద్దు, గడ్డి, తుంగ, ఇసుక తిన్నెలు ఉండనివ్వాలి. ఏటి అంచున ఏరుమద్ది, నేరేడు, దారి వెంట కానుగ, వేప, రావి. నాలుగేళ్లకు నీడనిచ్చే కానుగ ఈ నేలకు అలవాటైన చెట్టు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ నాటడం ఇకనైనా మానాలి. గుజరాత్ 2023లోనే దాన్ని నాటకూడదని నిషేధించింది. ఊరి దగ్గరి భాగంలో, మోకాలి ఎత్తున, కిందికి పడే దీపాలు చాలు. ఆడవాళ్లు సాయంత్రం ఏడు దాకా నడవగలిగేంత వెలుతురు ఉండాలి, పక్షుల నిద్ర చెడేంత ఉండకూడదు. అరకిలోమీటరుకు ఒక రాతి బెంచీ, కిలోమీటరుకు నీళ్లు, మరుగుదొడ్డి. ఒడ్డున ఇప్పటికే ఉంటున్న పేదలను దారి పేరుతో తరమకూడదు. వరద ముప్పు ఉన్న ఇళ్లవాళ్లకు ముందు దగ్గర్లోనే పట్టా ఇచ్చి, ఆ తర్వాతే పలుగు పట్టాలి. ఈ ఒక్క విషయంలో తప్పితే తక్కిన మంచి అంతా పేదల ఖర్చుతో పెద్దలు చేసుకున్న ఏర్పాటు అవుతుంది.

ఎవరికోసం ఇదంతా అని అడిగేవాళ్లకు జవాబు సులువు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. సుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు కొండ మెట్లు పనికిరావు, జిమ్ అందుబాటులో ఉండదు. చదునైన నీడ దారి ఒక్కటే వాళ్లకు సరిపడేది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు గంటన్నరలో ఎక్కేవాళ్ల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఒకచోట కూర్చుని, మళ్లీ ఇరవై నిమిషాలు నడిచి ఇల్లు చేరే పెద్దాయన నడక కూడా అంతే ముఖ్యం. ఊరు ఆయన కాలికి తగినట్టు ఉందా అన్నదే అసలైన కొలత.

చిత్తూరుకు వస్తే, రాష్ట్రమంతా పలికే పేరున్న ఏరు ఈ ఊరి పక్కనే పారుతోంది. శ్రీశైలం నీళ్లను సీమకు తెచ్చే హంద్రీ–నీవా పథకం పేరులోని నీవా ఇదే. ఊరి గుండా పోయి, తమిళనాడులో పొన్నైలో, దాని ద్వారా పాలారులో కలుస్తుంది. అంత పేరున్న ఏటికి సొంత ఊళ్లో దక్కిన గౌరవం మురుగు, చెత్త. వానాకాలం పొంగినప్పుడు తప్ప అది ఏరన్న సంగతి కొత్త తరం పిల్లలకు గుర్తురాదు. 2021లో నీవా కూడా పొంగి ఒడ్డు వీధుల్లోకి వచ్చింది.

చిత్తూరుకు తిరుపతికి లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఊరు చిన్నది. 2011 జనాభా లెక్కల నాటికి లక్షన్నరకు కాస్త పైన. గాంధీ విగ్రహం దగ్గర నుంచి కట్టమంచి చెరువుకు నడిచిపోవచ్చు, నీవా ఒడ్డుకూ నడిచిపోవచ్చు. యాత్రికుల ఒత్తిడి లేదు. పీవీకేఎన్ కాలేజీ మైదానంలో రోజూ చుట్లు కొట్టే వాకర్లను చూస్తే కోరికకు కొదవ లేదని తెలుస్తుంది. ఒకే మైదానం చుట్టూ తిరిగి తిరిగి విసిగినవాళ్లకు గిరింపేట నుంచో మిట్టూరు నుంచో బయలుదేరి చెరువు కట్ట మీదుగా ఏటి ఒడ్డుకు చేరే దారి దొరికితే, నడక ఒక పని కాకుండా దినచర్య అవుతుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు పుట్టిన ఊరి చెరువది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన ఆ మనిషి పేరు నిలబెట్టడానికి ఇంకో విగ్రహం కంటే శుభ్రమైన చెరువు, దాని చుట్టూ నీడ దారి తగినవి.

అడ్డంకి డబ్బు దగ్గర లేదు. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది కాబట్టి ఇక పెద్ద నిధులు రావన్న మాట నిజమే. మట్టి దారికి, చెట్లకు, రాతి బెంచీలకు పెద్ద నిధులు అక్కర్లేదు. అసలు చిక్కు అధికారం ముక్కలైపోవడంలో ఉంది. ఏటి గర్భం జలవనరుల శాఖది, ఒడ్డు రెవెన్యూది, ఊరిలోపలి భాగం కార్పొరేషన్‌ది, బయట పంచాయతీలవి, ప్రణాళిక పట్టణాభివృద్ధి సంస్థలది, అంటే తిరుపతిలో తుడాది, చిత్తూరులో చుడాది, గుడి భూములు టీటీడీవో దేవాదాయ శాఖవో, కొండ అంచు అటవీశాఖది. ప్రతి ఒక్కరి ఫైలూ ఇంకొకరి ఎన్‌ఓసీ కోసం ఎదురుచూస్తుంది. జిల్లాకు ఒక అధికారిని ఏటి దారికి బాధ్యుణ్ని చేసి, మిగతా శాఖలు ఆయనకు నెలలోగా జవాబివ్వాలని కలెక్టరు ఉత్తర్వు ఇస్తే సగం పని అయినట్టే. లేఅవుట్లలో పది శాతం ఖాళీస్థలం వదలాలన్న నిబంధన ఉంది. అలా వదిలిన స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వార్డులవారీగా పటం వేసి గోడ మీద పెట్టాలి. వాటిలో కొన్నింటిని కలిపితే దారికి కావాల్సిన లింకులు దొరుకుతాయి. కొన్ని ఇప్పటికే ఎవరి కాంపౌండులోనో ఉన్నాయని కూడా అప్పుడే తెలుస్తుంది.

మొదట చేయాల్సిన పనికి టెండరు కూడా అక్కర్లేదు. చిత్తూరులో నీవాకు, తిరుపతిలో స్వర్ణముఖికి ఊరి పరిధిలో భూమి కొలతల ఎఫ్‌ఎంబీ పటాలు చేతపట్టుకుని, రెవెన్యూ సర్వేయర్లు, వార్డు సచివాలయ సిబ్బంది, ఒడ్డున ఉండే జనం కలిసి రెండు వైపులా నడవాలి. పోరంబోకు హద్దు ఎక్కడ, 2021 వరద ఎక్కడిదాకా వచ్చింది అన్నవి రెండూ గుర్తించి సర్వే రాళ్లు పాతాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. రాళ్లు అంతకు ముందే పడితే, వానలు వెలిసిన డిసెంబరులో ఆ హద్దు మీద కానుగ మొక్కలు నాటవచ్చు.